రెండు కటోరీల పరీక్ష

డీ అడిక్షన్ సెంటర్,
వికారాబాద్ రోడ్డు

ప్రియమైన వీణకు,

నేను ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావేమో. ఇక్కడ గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. ఆదివారం టిఫిన్ అయ్యాక ఒక ఉత్తరం మాత్రం రాసుకోనిస్తారు. కౌన్సెలర్ ప్రహ్లాద్ సార్ తెల్ల కాగితాలు పంచుతూ, "ఎవరికి తక్లీఫ్ ఇచ్చిన్రో గాళ్లకే రాయుండ్రి. దోస్తులకు హాల్‌చాల్ రాసుడు కాదు" అన్నాడు. అందుకే నీకు రాస్తున్నాను.

నా గదిలో ఉన్న మనిషి పేరు బాలనర్సింహ. పురానాపూల్ దగ్గర ఆటో నడుపుతాడు. కల్లు, సారా, ఏది దొరికితే అది తాగుతాడు. తన భార్యకు 'నాదే తప్పు' అని ఒక్క ముక్క రాసి, కాగితం మడిచి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇటువంటి వాళ్ల మధ్య నన్ను తెచ్చి పడేశాడు నాన్న. తాగి మోరీ పక్కన పడిపోయేవాడికీ, తన మనసు లోతు చూసుకోవాలనుకునేవాడికీ తేడా తెలియని డాక్టర్లు ఇక్కడున్నారు. అందరికీ ఒకటే ఇంజెక్షన్, ఒకటే ఉప్మా.

సరే, అసలు సంగతి. బేగంబజార్‌లో మన కొత్త గోదాము పూజ రోజున మీ బాపుతో నేను ఏదో అన్నానని నాకు తెలుసు. ఏమన్నానో సగం గుర్తు లేదు. మిగతా సగం తలచుకుంటే నాకే అసహ్యం వేస్తుంది. కాని వీణా, నువ్వు చదువుకున్నదానివి, నీకైనా అర్థం కావాలి. అది నేను కాదు. నేను ఎప్పుడూ వాడే ఎల్‌ఎస్‌డీ కూడా కాదు ఆ రోజు. గచ్చిబౌలి దోస్తు ఒకడు కొత్తది ఇచ్చాడు. రెండూ ఒకే కుటుంబానివి, అన్నదమ్ముల వరస. దాని అణువుకే ఒక తోక తగిలించి ఏదో లాబ్‌లో తయారు చేశారట. వెండి కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను, పూజ అవుతుండగా నాలుక కింద వేసుకున్నాను. అన్న అంత మంచివాడైతే తమ్ముడు ఇంత దుర్మార్గుడని నాకేం తెలుసు?

మొదటిది నన్ను తెరిచేది. ఈ రెండోది నాలోకి ఎవడినో తెచ్చి కూర్చోబెట్టింది. ఆ మాటలు వాడివి.

మీ బాపుకు ఈ విషయం నువ్వే నెమ్మదిగా చెప్పు. నువ్వు చెప్తే వింటాడు.

నీవాడే,
మనీష్

*

జహనుమా

మనీష్‌కు,

ఉత్తరం మొదట్లో 'ప్రియమైన' అని రాయాలని మా స్కూల్లో ఆరో తరగతి పిల్లలకు నేనే నేర్పుతున్నాను. అవును, మళ్లీ స్కూల్లో చేరాను. ఆ 'ప్రియమైన' నీకు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. పిల్లలు చూడరులే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు పేజీల నిండా నీ గురించే ఉంది. మా బాపు గురించి మూడు ముక్కలు, అవి కూడా నీ అసహ్యం గురించి. ఇంగువ అమ్మే ఇంట్లో పుట్టావు, డబ్బీ మూత తీయకముందే వాసన వస్తుంది నీ ఉత్తరానికి.

సగం గుర్తు లేదన్నావు. నాకు మొత్తం గుర్తుంది, రాస్తాను.

పూజ అయ్యాక మేడ మీద వరసగా చాపలు వేసి భోజనాలు పెట్టారు. మీ నాన్న వైకుంఠం మామయ్యే స్వయంగా మా బాపును పిలిచి కూర్చోబెట్టాడు. మా అమ్మ రాహేలు ఒళ్లు బాగాలేక రాలేదు. స్టీల్ డబ్బా నిండా గులాబీ పువ్వులు వేయించి పంపింది. బాపు తిండి పూర్తయ్యే వేళకు పక్కన ముసలాయనకు పులిహోర అందడం లేదని, గిన్నెలో గరిటె తీసుకుని వడ్డించబోయాడు. అప్పుడు నువ్వు వచ్చావు. తూలుతూ రాలేదు. నీ ఇస్త్రీ చొక్కా మడత కూడా చెదరలేదు. "గరిటె కింద పెట్టు. బతుకంత మోరీలల్ల పెట్టిన చేతులు తెచ్చి మా గిన్నెల పెడ్తవా? పిల్లనిచ్చినవు, గంతవరకే. పంక్తిల జాగ కూడ కావాల్నా నీకు?" అన్నావు. ఆయన చేతిలోని ప్లేటు లాక్కుని కుళాయి వైపు విసిరావు. పనమ్మాయితో, "గా ప్లేటు వేరె కడుగు, మావాట్ల కలపకు" అన్నావు.

మా బాపు లేచాడు. కుళాయి దగ్గరికి వెళ్లి, ఆ ప్లేటు తనే తోమి, కడిగి, గోడకు బోర్లించి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. నీళ్ల బోర్డులో ముప్పయ్యేళ్లు పైపులు బాగుచేసినవాడు, కుళాయి సరిగ్గా కట్టేసి మరీ వెళ్లాడు. నలభై మంది చూశారు. కాసేపటికి మీ అమ్మ పాయసం వడ్డించమంది.

ఇది గుర్తు రాలేదా, గుర్తు చేసుకోవడం నీకు కుదరలేదా?

నువ్వు అడగకముందే బాపుకు మత్తు సంగతి చెప్పేశారు మీవాళ్లు. మీ అమ్మ నాగమణమ్మ ఫోన్ చేసింది. అది విన్న దగ్గర్నుంచీ ఆయన, "పిలగాడు మత్తుల ఉండె బిడ్డా. గా మందు మాట్లాడింది గాని గాయిన కాదు" అంటున్నాడు. నాకు చెప్తున్నాడా, తనకు తాను చెప్పుకుంటున్నాడా నాకు తెలియడం లేదు. పోయిన ఆదివారం చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందు జరిగింది. ఎప్పుడూ ముందు నిలబడి అందరికీ వడ్డించే మనిషి, ఈసారి గరిటె ముట్టుకోలేదు. చివరి చాప మీద, గోడ పక్కన కూర్చుని తిని వచ్చాడు. ఎందుకని అమ్మ అడిగితే మోకాళ్లు నొప్పి అన్నాడు.

బాలనర్సింహ ఉత్తరం బాగుంది. ఆ ఒక్క ముక్క నీకు అంత హీనంగా ఎందుకు కనిపించిందో ఆలోచించుకో, ఇంజెక్షన్‌కూ ఉప్మాకూ మధ్య తీరిక దొరికితే.

ఇక నీ అన్నదమ్ముల సంగతి. నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఎల్‌ఎస్‌డీకీ ఈ కొత్తదానికీ తేడా ఏమిటి? మీ దుకాణంలో రెండు నమూనాలు ముందు పెట్టుకుని రంగు, వాసన, రుచి చెప్తారే, అట్లా చెప్పు. ఏదీ దాచకు. ఎంత వివరంగా రాస్తే నాకు అంత బాగా అర్థమవుతుంది.

వీణ

*

డీ అడిక్షన్ సెంటర్

ప్రియమైన వీణకు,

నీ ఉత్తరంలో తిట్లే ఎక్కువున్నా, చివరికి నువ్వు అడిగిన ప్రశ్న చూసి సంతోషం వేసింది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ప్రహ్లాద్ సార్‌కు చెప్పబోతే, "రెండూ ఒకటే బై, రెండూ బంద్ చెయ్యాలె" అన్నాడు. బాస్మతి, దొడ్డు బియ్యం రెండూ అన్నమే అనే రకం మనిషి. నీకు చెప్తే అర్థమవుతుంది.

మొదటిదానికి రుచి ఉండదు. నాలుక కింద పెట్టుకుంటే ఉట్టి కాగితం నమిలినట్టు ఉంటుంది. అది రావడం కూడా చెప్పి వచ్చినట్టు వస్తుంది. ముందు అరచేతులు చల్లబడతాయి, దవడ కొద్దిగా బిగుస్తుంది, తరువాత గోడ మీది సున్నం ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంది. నీకు గుర్తుందా, ఎండాకాలంలో ఒకరోజు పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున కూర్చుని వచ్చాను. ఆ కంపు కొట్టే నీళ్లలో ఎన్ని రంగులు చూశానో! నురగలో ఒక్కో బుడగ ఒక్కో గోళంలా తిరిగింది. కాలం సాగిపోయింది. ఒక గేదె ఒడ్డెక్కడానికి ఒక యుగం పట్టింది. అంతా ఒకటే, నేనూ ఆ గేదే ఒకటే అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి వచ్చేసరికి మీ బాపు మన వంటింటి కుళాయి బాగుచేస్తున్నాడు. ఆయన చేతులు పట్టుకుని నేను ఏడ్చాను. "ఊరందరికి నీళ్లు తాగిచ్చిన చేతులు ఇవి" అన్నాను. ఆయన సిగ్గుపడి, "తడి చేతులు అల్లుడూ, వదలుండ్రి" అన్నాడు. అది నేను, వీణా. లోపల నేను ఎప్పుడూ అట్లాగే ఉంటాను. మొదటిది నా మీది పొర తీసింది, అంతే.

రెండోది వేరే జాతి. నాలుక కింద పెట్టగానే చిన్న చేదు తగిలింది, లోహం నాకినట్టు. అప్పుడే అనుకున్నాను ఇది మంచి సరుకు కాదని. చెప్పి రాలేదు. దొంగలా వచ్చింది. రంగులేమీ లేవు, గోడలు కదల్లేదు. దాని బదులు అన్నీ మరీ స్పష్టంగా కనబడ్డాయి, అంచులు కోసినట్టు. సాధారణంగా మనిషిని చూస్తే మనకు మనిషి కనిపిస్తాడు. ఆ రోజు ఒక్కొక్కడి మొహం మీద వాడి రకం రాసి ఉన్నట్టు కనిపించింది, బస్తా మీద గుర్తు వేసినట్టు. ఇతను మొదటి రకం, ఇతను రెండో రకం, ఇతను చెత్త. గుండె మామూలుగానే కొట్టుకుంది, చెయ్యి వణకలేదు. అదే దాని మాయ. మనిషికి తను మామూలుగా ఉన్నాననే అనిపిస్తుంది. లోపల ఇంకెవడో, చల్లగా, తొందర లేకుండా మాట్లాడుతుంటాడు. నోరు నాది, గొంతు వాడిది.

సూక్ష్మమైన తేడా ఇది. మొదటిది కలిపేది, రెండోది విడదీసేది. దీన్ని పట్టుకోవాలంటే నాలుకా, మనసూ రెండూ సాధన చేసి ఉండాలి. తాగుబోతులకు చేత కాదు. మా ఇంట్లో అది రక్తంలో ఉంది. దుకాణంలో కొత్తగా చేరినవాడిని నాన్న ఎలా పరీక్షించేవాడో నీకు తెలుసు కదా. రెండు కటోరీల్లో ఒకే ఇంగువ నీళ్లలో కలిపి ముందు పెట్టి, ఏది మేలో చెప్పమనేవాడు. శేఠ్‌ను మెప్పించడానికి తేడా కల్పించి చెప్పినవాడిని ఆ పూటే ఇంటికి పంపేసేవాడు. లేనిది ఉన్నట్టు చెప్పే నాలుక బేగంబజార్‌లో పనికిరాదు. నేను ఆ ఇంటి కొడుకుని. నేను తేడా ఉందన్నానంటే ఉన్నట్టే.

ఇప్పుడైనా నీకు తేటపడిందా?

ఎప్పటికీ నీ
మనీష్

*

జహనుమా

మనీష్‌కు,

చాలా తేటపడింది. ఇంత చక్కగా రాస్తావని నాకు తెలియదు. పెళ్లికి ముందు నువ్వు నాకు రాసిన మెసేజీల్లో కూడా ఇంత శ్రద్ధ లేదు. మూసీలో గేదె మీద చూపించిన జాలిలో పావు వంతు మా బాపు మీద చూపిస్తే ఈ ఉత్తరాలు రాసుకునే పనే ఉండేది కాదు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. అంతా అయ్యాక, "గింత చదువు చదివి గిదా నేర్సింది? మనిషి మొకం మీద రకం సూసుటానికి మందు ఎందుకు బిడ్డా, గాళ్లింట్ల పుట్టినోళ్లకు గది ఉట్టిగనే కనిపిస్తది" అంది. అమ్మ కాస్త కటువు మనిషి, తప్పుగా అనుకోకు. అనుకున్నా ఫర్వాలేదు.

రెండోది నాలుక మీద చేదుగా ఉందన్నావు చూడు, అది నాకు బాగా నచ్చింది. రెండుసార్లు చదివాను ఆ వాక్యం. నీ నాలుకను తక్కువ అంచనా వేశాను. చేదు అంటే ఎట్లాంటి చేదు, కాకరకాయదా, వేపాకుదా, ఇంకేదైనానా? తీరిగ్గా చెప్పు.

నాగమణమ్మ అత్తయ్య మంగళవారం వచ్చింది. మా ఇంట్లోకి మొదటిసారి. మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్లు ఇస్తే దాహం లేదంది. ఎండలో బేగంబజార్ నుంచి జహనుమా దాకా ఆటోలో వచ్చిన మనిషికి దాహం లేదట. "మావోడు బంగారం బిడ్డా. గా మందు పాడుగాను, గదే మాట్లాడిచ్చింది. మందు బంద్ అయితే మనిషి మంచోడే" అంది. మా బాపు ఆవిడ ముందు నిలబడి చేతులు కట్టుకుని, "నిజమే అక్కా, నిజమే" అన్నాడు. ఆయన ఇంట్లో ఆయనే నిలబడ్డాడు. నేను కుర్చీ తెచ్చి వేస్తే కూర్చోలేదు.

ఆవిడ వెళ్లాక బాపు నాతో, "బిడ్డా, గాయినను దవాఖానల ఏసిన్రు. మనం పోయి తోల్కొద్దాం. నువ్వు పంతం పట్టకు. మత్తుల మనిషి మాటకు లెక్క ఉండదు" అన్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనుక తగిలించి ఉంచాడు, నువ్వు బయటికి వచ్చే రోజు కోసం. నీ కోసం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు మా బాపు. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

కాబట్టి నిన్ను ఒక్కటే అడుగుతాను. తిప్పి తిప్పి రాయకు. ఆ కొత్తది నువ్వు వేసుకోకపోయి ఉంటే, ఆ రోజు ఆ మాట నీ నోట వచ్చేదా?

నీ జవాబు మీద చాలా ఉంది. నేను వస్తానా రానా అన్నది దాని మీదే ఉంది.

వీణ

*

డీ అడిక్షన్ సెంటర్

ప్రియమైన, నా ప్రియమైన వీణకు,

వస్తానన్న మాట నీ ఉత్తరంలో కనిపించింది, నాకు అదే చాలు.

ముందు చేదు గురించి. కాకర కాదు, వేప కాదు. రసాయనం చేదు. ప్రయోగశాలలో పుట్టినదానికే ఉంటుంది అది. ఒకసారి రుచి చూసినవాడు మరచిపోడు. ఇంకో వందసార్లు కళ్లకు గంతలు కట్టి పెట్టినా గుర్తుపడతాను.

నిన్న నాన్న వచ్చాడు. డాక్టరుతో మాట్లాడి వచ్చే ఆదివారం పంపించేయమన్నాడు. నన్ను చూసి ఒక్కమాటా తిట్టలేదు. "అయ్యింది అయ్యింది. మందు మీద పోనియ్యి. బజార్ల కూడ గదే చెప్పినం" అన్నాడు. గోదాము నాకు అప్పజెప్తాడట. మనం పైన రెండు గదులు వేసుకుందాం, నీకు వేరే వంటిల్లు.

బాలనర్సింహ భార్య లీలమ్మ వచ్చి అతన్ని తీసుకుపోయింది. ఆ ఒక్క ముక్క ఉత్తరం చీర కొంగున కట్టుకుని వచ్చింది. బట్టల సంచీ ఆమే మోసుకుంటూ, దారి పొడవునా అతన్ని తిడుతూ నడిచింది. వాళ్ల బతుకులు వాళ్లవి. మన స్థాయిలో కొంచెం లోతుగా మాట్లాడుకోవాలి కదా, అందుకే నేను ఇంత రాస్తున్నాను.

ఇక నీ ప్రశ్న. తిప్పకుండానే చెప్తున్నాను. ఆ మాట నాది కాదు. ఆ కొత్తది లేకపోతే నా నోట వచ్చేది కాదు, చచ్చినా వచ్చేది కాదు. నీ మీద ఒట్టు. ఒట్లు నువ్వు నమ్మవు కాబట్టి ఇంకోలా చెప్తాను. స్పృహలో ఉండి, నా తెలివితో నేను ఆ మాట అని ఉంటే, నీ ముందు నిలబడే అర్హత నాకు లేదు. మీ బాపు చేత్తో మంచినీళ్లు అడిగే అర్హత కూడా లేదు. నువ్వు తలుపు తీయవద్దు. అంత కచ్చితంగా చెప్తున్నాను, ఎందుకంటే అది నేను కాదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్న నువ్వూ మీ బాపూ కలిసి రండి. గేటు దగ్గర ఆయన కాళ్లకు మొక్కుతాను, అందరూ చూస్తుండగా. ఆ తెల్ల చొక్కానే వేసుకుని రమ్మను.

నిన్ను చూడాలని ఉంది.

నీ, నీ ఒక్కదాని
మనీష్

*

జహనుమా

మనీష్‌కు,

ఆదివారం గేటు దగ్గర మా కోసం చూడకు. ఈ ఉత్తరం శనివారానికల్లా నీకు అందాలని స్పీడ్ పోస్ట్ చేస్తున్నాను.

నువ్వు కచ్చితంగా రాశావు కాబట్టి నేనూ కచ్చితంగా రాస్తాను. నీ జవాబు ఏమిటో తెలుసుకోవడానికే ఈ ఉత్తరాలు రాశాను.

గోదాము పూజ రోజు పొద్దున నీ చొక్కా ఇస్త్రీ చేసింది నేను. జేబులు చూడకుండా నీ చొక్కా ఏదీ నా చేతిలోంచి పోదు, అది నీకు ఎప్పుడూ పట్టలేదు. జేబులో వెండి కాగితం దొరికింది. విప్పితే గోరంత నీలం కాగితం ముక్క. అదేమిటో నాకు తెలుసు. మూసీ ఒడ్డు నుంచి వచ్చిన రోజున నువ్వే చూపించావు, గొప్పగా. ఆ రోజు ఇంటి నిండా చుట్టాలు, బజారు పెద్దమనుషులు, మా బాపు కూడా వస్తాడు. అందరి ముందూ నువ్వు గేదె కోసం ఏడవకూడదని అనుకున్నాను. ఆ ముక్కను మోరీలో వేసి నీళ్లు పోశాను. ఖాళీ వెండి కాగితం చూస్తే లొల్లి చేస్తావు కదా, అందుకని వంటింట్లో గోడ మీది క్యాలెండరులో, ఆ నెల కాగితం అడుగు మూల నీలం అంచు ఉంటే, కత్తెరతో అంతే ముక్క కోసి, వెండి కాగితంలో చుట్టి మళ్లీ నీ జేబులోనే పెట్టాను.

మరునాడు టీ తాగేటప్పుడు చెప్పి నవ్వుకుందామనుకున్నాను. అంతే నా ఉద్దేశం. అప్పటికి నేను నీతో నవ్వుకునే మనిషిని.

నువ్వు నాలుక కింద పెట్టుకున్నది క్యాలెండరు మూల. రసాయనం చేదన్నావే, అది అచ్చువేసే సిరా. వందసార్లు గంతలు కట్టినా గుర్తుపట్టే నాలుక కదా నీది. నమ్మబుద్ధి కాకపోతే ఇంటికి వెళ్లాక వంటింట్లో చూడు, క్యాలెండరు అక్కడే ఉంటుంది. ఆ నెల వెనక్కి తిప్పు, మూల కనిపించదు.

రంగులు రాలేదన్నావు. గోడలు కదల్లేదన్నావు. గుండె మామూలుగా కొట్టుకుంది, చెయ్యి వణకలేదు, అన్నీ స్పష్టంగా కనిపించాయి అన్నావు. ఇవన్నీ నువ్వే రాశావు, నీ చేత్తో. దానికి ఒక రసాయనం పేరు కూడా పెట్టుకున్నావు. మనీష్, దాన్ని తెలివిలో ఉండడం అంటారు. బాలనర్సింహను అడిగితే చెప్పేవాడు, ఆయన ఇంటికి వెళ్లిపోయాడు.

పెళ్లయ్యాక నేను దుకాణంలో అడుగుపెట్టిన మొదటి రోజే మీ నాన్న నాకు రెండు కటోరీల పరీక్ష పెట్టాడు. నేను రెండూ నాకి, "ఒకటే మామయ్యా" అన్నాను. "గీ పిల్ల నాలుక మంచిది" అన్నాడు ఆయన. నువ్వు పక్కనే ఉన్నావు, నవ్వావు. నేను నీకు పరీక్ష పెట్టాలని ఆ కాగితం పెట్టలేదు. కాని నువ్వు మూడు పేజీలు తేడాలు రాశావు. మీ దుకాణంలో కొత్తవాడు ఇట్లా చేస్తే ఆ పూటే ఇంటికి పంపేవారని కూడా నువ్వే రాశావు.

నన్ను బాధించేది రెండోది కాదు, మొదటిది. మూసీ నుంచి వచ్చి మా బాపు చేతులు పట్టుకుని ఏడ్చిన రోజు నీ నాలుక కింద నిజంగా మందు ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ నువ్వు ఆయన చేతులు ముట్టుకున్నది ఆ ఒక్కసారే. నేను తలుపు దగ్గర నిలబడి చూసి, నా మనిషి మంచివాడు అని ఎంత పొంగిపోయానో. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. ఆ ప్రేమ మందుది. గరిటె మాట నీది. కల్తీ లేని సరుకు, మీ ఇంట్లో తయారైంది.

నువ్వు ఆ మాట అన్న క్షణం నుంచీ నాకు తెలుసు అది నువ్వేనని. నలభై మందిలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అయినా ఉత్తరాలు రాశాను. ఎందుకో చెప్తాను. 'నాదే తప్పు' అన్న ఒక్క ముక్క కోసం చూశాను. అది వచ్చి ఉంటే క్యాలెండరు సంగతి నాతోనే పోయేది. పోయిన ఉత్తరంలో నీకు తలుపు తెరిచే పెట్టాను. నువ్వు వచ్చి, అది నీ చేత్తో నువ్వే మూసుకున్నావు. అర్హత గురించి తీర్పు కూడా నువ్వే రాసుకున్నావు, నేను రాయాల్సింది ఏమీ మిగల్లేదు.

ఆ సెంటర్ వాళ్ల దగ్గర నీకు మందు లేదు. పాపం వాళ్ల తప్పు కూడా కాదు. ప్రహ్లాద్ సార్‌కు ఈ ఉత్తరం చూపిస్తే చూపించు.

మా బాపుకు ఇది చెప్పను. మీ నాన్నకు, అమ్మకు చెప్తావో లేదో నీ ఇష్టం. వాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదనుకుంటాను. బాపు సంగతి వేరు. ఆ మాట అన్నది మందు అని నమ్మబట్టే ఆయనకు అన్నం సహిస్తోంది. అల్లుడు తెలివిలో ఉండి, తన మొహం చూసి ఆ మాట అన్నాడని తెలిస్తే తట్టుకోలేడు. అందుకని నేను ఆయనకు అబద్ధం చెప్పాను. "గాయిన మళ్లీ గా మందు వాడ్తడు బాపూ, నాకు బుగులైతుంది, నేను పోను" అన్నాను. "గట్లైతే వద్దు బిడ్డా. ఉండు. ఇల్లు నీది" అన్నాడు.

తలుపు వెనుక ఉన్న ఆ తెల్ల చొక్కా చర్చికి వేసుకుంటానన్నాడు. ఈ ఆదివారం కూడా చర్చిలో ప్రేమవిందు ఉంది. పొద్దున వెళ్లేటప్పుడు నేను ఆయన చేతికి గరిటె ఇస్తాను. తీసుకుంటాడో లేదో చూడాలి.

బాబురావు కూతురు,
వీణ